క్యాంపస్ తెరపై ఎవరి స్లైడ్? గోడలు ఖాళీ అవుతున్నాయి, నియమాలు మాత్రం లేవు

2024 సెప్టెంబర్ 27న ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం ఎన్నికలకు పోలింగ్ జరిగింది. ఫలితాలు వెలువడింది మాత్రం నవంబర్ 25న. ఈ రెండు నెలల జాప్యానికి కారణం రిగ్గింగ్ ఆరోపణో, ఈవీఎంల వివాదమో కాదు. గోడల మీది పోస్టర్లు. అభ్యర్థుల పేర్లతో నగరమంతా నిండిపోయిన పోస్టర్లు, రాతలు, హోర్డింగులు తొలగించి, పాడైన ఆస్తులను మళ్లీ పూర్వస్థితికి తెచ్చేదాకా ఓట్లు లెక్కించవద్దని ఢిల్లీ హైకోర్టు పోలింగ్‌కు ముందు రోజే ఆదేశించింది. మరుసటి ఏడాది ఎన్నికలకు వచ్చేసరికి, గోడలు పాడుచేయబోమంటూ లక్ష రూపాయల బాండ్ ఇవ్వాలని విశ్వవిద్యాలయం అభ్యర్థులకు షరతు పెట్టింది.

కోర్టు ఆగ్రహంలో న్యాయం లేదని ఎవరూ అనలేరు. మెట్రో స్తంభాలు, తరగతి గదుల తలుపులు, బస్టాపులు, ఏవీ వదలకుండా అంటించిన ఆ కాగితాల ఖర్చు చివరికి మోసేది పన్ను కట్టేవాళ్లే. అయితే గోడను శుభ్రం చేయడంతో కథ ముగియదు. గోడ మీద ఉన్న మాట ఎక్కడికి వెళ్లాలి? చాలా క్యాంపస్‌లలో ఇప్పుడు దానికి ఒకటే జవాబు వినిపిస్తోంది. డిజిటల్ స్క్రీన్.

శాఖ ప్రవేశద్వారం దగ్గర, లైబ్రరీ మెట్ల పక్కన, పరిపాలనా భవనం లాబీలో పెద్ద టీవీ తెరలు వెలుగుతున్నాయి. సెమినార్ ప్రకటనలు, అడ్మిషన్ తేదీలు, ర్యాంకుల వార్తలు, శాఖాధిపతికి జరిగిన సన్మానం ఫొటోలు వాటిలో ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతుంటాయి. చూడ్డానికి ఇది చిన్న సౌకర్యం. కానీ ఆ తెర మీదికి ఏ స్లైడ్ ఎక్కాలి, ఏది ఎక్కకూడదు, ఎన్ని రోజులు ఉండాలి అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? తిరస్కరిస్తే కారణం చెప్పాలా? ఈ ప్రశ్నలకు రాతపూర్వకమైన సమాధానం దొరికే చోట్లు తక్కువ.

గోడకు, తెరకు తేడా

గోడ మీద చోటు కోసం తోపులాట ఉంటుంది. తెర మీద వరుస ఉంటుంది, ఆ వరుసకు ఒక కాపలాదారు ఉంటాడు. అసలు తేడా అదే.

పద్ధతి సాధారణంగా ఇలా ఉంటుంది. కార్యక్రమం నిర్వహించేవారు ఒక స్లైడ్ తయారుచేసి శాఖ కార్యాలయానికో, ఆ బాధ్యత చూసే అధ్యాపకుడికో పంపుతారు. ఆయన దాన్ని చూసి సరేనంటే సాఫ్ట్‌వేర్‌లోని ప్లేలిస్టులో చేరుస్తారు. సాఫ్ట్‌వేర్ లేని చోట పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి తగిలిస్తారు. తెర అడ్డంగా ఉంటుంది కాబట్టి స్లైడ్ 16:9 నిష్పత్తిలో, 1920×1080 పిక్సెళ్లలో ఉండాలి. నిలువుగా టైప్ చేసిన ఏ4 నోటీసును ఫొటో తీసి పంపితే అటూ ఇటూ నల్లటి ఖాళీ మిగిలి, మధ్యలో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. అమెరికాలో చదివే తెలుగు విద్యార్థులకు ఈ తంతు బాగా తెలుసు. అక్కడి చాలా విశ్వవిద్యాలయ శాఖలు స్లైడ్ కొలతలు, ఎన్ని రోజుల ముందు పంపాలి, ఎప్పుడు తొలగిస్తారు అన్న వివరాలను రాసిపెట్టి ఉంచుతాయి.

ఇక లెక్క చూద్దాం. ఒక తెర మీద 24 స్లైడ్లు తిరుగుతున్నాయి, ఒక్కొక్కటి 10 సెకన్లు ఉంటుంది అనుకుంటే, ఒక చుట్టు పూర్తవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. క్లాసుకు వెళ్తూ తెర ముందు నుంచి 15 సెకన్లలో దాటిపోయే విద్యార్థికి రెండో మూడో స్లైడ్లు కనిపిస్తాయి. మిగతావన్నీ కంట పడవు. కాగితం నోటీసు అలా కాదు. అది ఉన్నచోటే ఉంటుంది, వెనక్కి వచ్చి మళ్లీ చదువుకోవచ్చు, తేదీ రాసుకోవచ్చు. అంటే తెర మీద 'ప్రకటించాం' అని కార్యాలయం చెప్పినంత మాత్రాన విషయం విద్యార్థికి చేరినట్టు కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి తేదీ తెలియక, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఈ-పాస్‌లో నమోదు చేసుకోని విద్యార్థికి పోయేది పది సెకన్ల స్లైడ్ కాదు, ఒక ఏడాది చదువు.

చూపించి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి

తెర మీద ఏముండాలన్నది పూర్తిగా శాఖ ఇష్టం కాదు. కొన్ని విషయాలను కనిపించే చోట ప్రదర్శించాలని చట్టాలే చెబుతున్నాయి.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013లోని 19వ సెక్షన్ ప్రకారం, వేధింపులకు పడే శిక్షలను, అంతర్గత కమిటీని ఏర్పాటుచేసిన ఉత్తర్వును అందరికీ కనిపించేలా పెట్టడం యాజమాన్యం బాధ్యత. 2023 మేలో సుప్రీంకోర్టు ఈ చట్టం అమలు తీరును తప్పుబట్టి, కమిటీల వివరాలను అందుబాటులో ఉంచాలంటూ దేశవ్యాప్తంగా ఆదేశాలిచ్చింది. ఆ కేసు పుట్టింది గోవా విశ్వవిద్యాలయంలోని ఒక శాఖలోనే. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలు, ఆ తర్వాత పంపిన సర్క్యులర్లు కూడా అడ్మిషన్ కేంద్రాలు, శాఖలు, హాస్టళ్లు, క్యాంటీన్లలో హెచ్చరిక పోస్టర్లు, హెల్ప్‌లైన్ నంబర్ పెట్టాలంటున్నాయి.

అన్నిటికంటే విస్తృతమైనది సమాచార హక్కు చట్టం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఈ చట్టం కింద పబ్లిక్ అథారిటీలు. ఎవరూ అడగకముందే సమాచారాన్ని ప్రజల ముందు పెట్టాలని 4వ సెక్షన్ చెబుతుంది. ఆ సమాచారాన్ని ఏయే మార్గాల్లో చేరవేయాలో వివరించేటప్పుడు నోటీసు బోర్డుల పేరు స్పష్టంగా ఎత్తింది. ఖర్చు, స్థానిక భాష, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతి, ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకోవాలని కూడా చెప్పింది. నోటీసు బోర్డు స్థానంలోకి తెర వచ్చినప్పుడు ఈ బాధ్యతలన్నీ తెరకూ వర్తించాలి. సన్మానాల ఫొటోల మధ్య అంతర్గత కమిటీ సభ్యుల పేర్లకు చోటు లేకపోతే, ఆ తెర ఎంత ఖరీదైనదైనా నోటీసు బోర్డు పని చేయనట్టే.

పై నుంచి వచ్చే స్లైడ్లు

తెర మీది స్థలం కోసం పోటీ పడేది శాఖలు, విద్యార్థులు మాత్రమే కాదు. ఢిల్లీ నుంచి వచ్చే ఆదేశాలూ ఉంటాయి.

2023 డిసెంబర్ 1న యూజీసీ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ ఒక లేఖ రాసింది. వివిధ రంగాల్లో భారత్ సాధించిన విజయాలపై యువతకు అవగాహన కల్పించేలా క్యాంపస్‌లలో 'సెల్ఫీ పాయింట్లు' పెట్టాలని కోరింది. దానికి జతచేసిన నమూనా డిజైన్లలో ప్రధాని నరేంద్ర మోదీ చిత్రం ఉండడంతో ఇది విద్యాసంస్థల్లో ప్రభుత్వ ప్రచారమేనని ప్రతిపక్షాలు విమర్శించాయి. అంతకుముందు 2018 సెప్టెంబర్‌లో 'సర్జికల్ స్ట్రైక్ దినం' జరపాలంటూ యూజీసీ పంపిన లేఖపైనా ఇలాంటి దుమారమే రేగింది. చివరికి అది తప్పనిసరి కాదని అప్పటి కేంద్ర మంత్రి ప్రకాశ్ జావడేకర్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ప్రభుత్వం ఏదైనా, పార్టీ ఏదైనా ఈ ధోరణి మారదు. రాష్ట్రాల్లోనూ ముఖ్యమంత్రుల ఫొటోలు, పథకాల పేర్లు ప్రభుత్వ కార్యాలయాల గోడలను నింపడం కొత్త కాదు. ఫ్లెక్సీ ముద్రించాలంటే కనీసం బిల్లు అవుతుంది, ఫైలు కదలాలి. తెరకు అదేమీ అక్కర్లేదు. ఒక ఫైల్ పంపి, ఒక బటన్ నొక్కితే అన్ని శాఖల తెరల మీదా ఒకే బొమ్మ ప్రత్యక్షమవుతుంది. పై నుంచి వచ్చే స్లైడ్‌కు ఖర్చు తగ్గిన కొద్దీ దాన్ని కాదనే స్థైర్యం రిజిస్ట్రార్‌కు, శాఖాధిపతికి ఉండాలంటే వారి చేతిలో ఒక నియమం ఉండాలి. 'మా విధానం ప్రకారం ఇన్ని స్లైడ్లకే చోటుంది' అని చెప్పడం, 'మాకు ఇష్టం లేదు' అని చెప్పడంకన్నా చాలా సులువు.

బయటివారి చేతికి తెర అప్పగించినా ప్రమాదమే. 2023 మార్చిలో పట్నా జంక్షన్ ప్లాట్‌ఫామ్ తెరలపై ప్రకటనల మధ్య కొన్ని నిమిషాలపాటు అశ్లీల వీడియో నడిచింది. ప్రకటనల బాధ్యత ఒక ప్రైవేటు ఏజెన్సీది. రైల్వే ఆ కాంట్రాక్టు రద్దుచేసి కేసు పెట్టింది. తెర మీద ఏం నడుస్తోందో సంస్థలో ఒక మనిషి బాధ్యతగా చూడకపోతే ఏమవుతుందో ఆ ఘటన చూపింది.

'ఇది మా సొంత తెర' అనొచ్చా?

విద్యార్థి స్లైడ్‌ను తిరస్కరించినప్పుడు సాధారణంగా వినిపించే మాట ఒకటుంది. 'ఇది శాఖ సొంత తెర. ఏం వేయాలో మా ఇష్టం.' ఈ వాదన కొత్తది కాదు. దీనికి సుప్రీంకోర్టు 1992లోనే ఒక జవాబు ఇచ్చింది.

అహ్మదాబాద్‌కు చెందిన వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు ప్రొఫెసర్ మనూభాయి షా, ఎల్ఐసీ పాలసీదారులకు అన్యాయం చేస్తోందంటూ ఒక అధ్యయన పత్రం వెలువరించారు. దానిని ఖండిస్తూ ఎల్ఐసీ సభ్యుడొకరు ఒక ఆంగ్ల దినపత్రికలో వ్యాసం రాశారు. షా ఇచ్చిన ప్రతిజవాబును ఆ పత్రిక వేసింది. తర్వాత ఎల్ఐసీ తన అధికారి వ్యాసాన్ని మాత్రమే తన సొంత పత్రిక 'యోగక్షేమ'లో ప్రచురించింది. తన జవాబునూ వేయమని షా అడిగితే, అది మా సంస్థ అంతర్గత పత్రిక, కుదరదంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రజాధనంతో నడిచే సంస్థ తన పత్రికలో ఒక పక్షం వాదన వేసి, రెండో పక్షాన్ని అంతర్గత పత్రిక అన్న సాకుతో తోసిపుచ్చడం సమంజసం కాదని కోర్టు తేల్చింది. షా జవాబును ప్రచురించాల్సిందేనంది.

ఆ తీర్పు అర్థం ఎవరు ఏ స్లైడ్ పంపినా వేసి తీరాలని కాదు. శాఖకు తన తెర మీద ప్రాధాన్యాలు పెట్టుకునే అధికారం ఉంది. నాణ్యత లేనిదాన్ని, సంబంధం లేనిదాన్ని, చట్టవిరుద్ధమైనదాన్ని కాదనొచ్చు. కాకపోతే ఒక సంఘం సభకు చోటిచ్చి, మరో సంఘం సభకు దాని అభిప్రాయం నచ్చక చోటివ్వకపోవడం మాత్రం వేరే సంగతి. ప్రజాధనంతో కొన్న తెర విషయంలో ఆ వివక్షను సమర్థించుకోవడం కష్టం.

తెలుగు ఎక్కడ?

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చకు మరో కోణం ఉంది. డిగ్రీ, పీజీ చదివేవారిలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు పెద్ద సంఖ్యలో ఉంటారు. స్క్రీన్ల మీద మాత్రం ఇంగ్లిష్‌దే రాజ్యం.

దీనికి కొంత సాంకేతిక కారణమూ ఉంది. కార్యాలయాల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్ల వాడకం పోలేదు. అవి యూనికోడ్ కావు. వాటితో చేసిన ప్రజెంటేషన్‌ను ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు స్థానంలో అర్థంలేని గుర్తులు వస్తాయి. అందుకని స్లైడ్‌ను బొమ్మగా మార్చి పంపుతారు. అప్పుడు తెర మీద తెలుగు బాగానే కనిపిస్తుంది. అదే బొమ్మను వాట్సాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో పెడితే మాత్రం చూపులేని విద్యార్థి ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ దాన్ని నేరుగా చదవలేకపోవచ్చు. యూనికోడ్‌లో టైప్ చేసి, తెరకు బొమ్మ, వెబ్‌సైట్‌కు పాఠం రెండూ ఇస్తే ఈ సమస్య తీరుతుంది. ఇది డబ్బుతో కూడుకున్న పని కాదు, అలవాటుతో కూడుకున్న పని.

వైకల్యం ఉన్నవారి సంగతి దయాదాక్షిణ్యాల వ్యవహారం కూడా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉండే రూపంలో ఇవ్వాలంటోంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను కేవలం సూచనల స్థాయిలో వదిలేయడం కుదరదని, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే. శబ్దం లేకుండా పది సెకన్లలో మాయమయ్యే స్లైడ్, చూపులేనివారికి అసలు లేనట్టే. నెమ్మదిగా చదివేవారికి సగమే ఉన్నట్టు.

గోడతో పాటు పోయేది

క్యాంపస్ గోడలను శుభ్రం చేసే ప్రయత్నం ఢిల్లీతో మొదలు కాలేదు. విద్యార్థి సంఘాల ఎన్నికలపై లింగ్డో కమిటీ 2006లో ఇచ్చిన సిఫార్సులు ముద్రిత పోస్టర్లను వద్దన్నాయి. చేత్తో తయారుచేసిన పోస్టర్లను మాత్రం, ముందే ప్రకటించిన చోట్ల అనుమతించాయి. అంటే గోడ పూర్తిగా పోలేదు, దానికి హద్దు గీశారు. డబ్బున్నవాడి ఫ్లెక్సీకి కళ్లెం వేసి, చేతిరాతకు చోటు మిగిల్చారు. 2019లో జేఎన్‌యూ యంత్రాంగం ఒక అడుగు ముందుకు వెళ్లి, దశాబ్దాలుగా ఆ క్యాంపస్‌కు గుర్తుగా ఉన్న గోడ పోస్టర్లను తొలగించింది. ఢిల్లీ ఆస్తుల వికృతీకరణ నిరోధక చట్టాన్ని కారణంగా చూపింది.

తెలుగు నేల మీద పరిస్థితి ఇంకా ఇరుకు. ఇక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా విద్యార్థి సంఘాలకు ప్రత్యక్ష ఎన్నికలే లేవు. 2025 మార్చిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం శాఖలు, కాలేజీలు, పరిపాలనా భవనాల ఆవరణలో ధర్నాలు, నినాదాలు నిషేధిస్తూ సర్క్యులర్ ఇచ్చింది. ఎన్నికైన ప్రతినిధి లేడు, నినాదాన్ని వద్దంటూ సర్క్యులర్ వచ్చింది, గోడకు చట్టం అడ్డు. ఇక మిగిలింది తెర. దాని తాళం కార్యాలయం దగ్గర.

అదే నెలాఖరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చదును మొదలైంది. విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ వారంలో విద్యార్థులు 'ఈ సాయంత్రం కంచ గచ్చిబౌలిపై సభ' అని ఒక స్లైడ్ పంపితే, దాన్ని ఏ నియమం కింద అంగీకరించాలి, ఏ నియమం కింద తిరస్కరించాలి? అది రాజకీయమా, పర్యావరణ శాస్త్ర చర్చా, క్యాంపస్ వార్తా? ఒక శాఖ తన స్క్రీన్ విధానాన్ని పరీక్షించుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు. సెమినార్ ప్రకటనల విషయంలో ఏ విధానమైనా పనిచేస్తుంది.

పొరుగుదేశం అనుభవమూ గుర్తుంచుకోదగ్గదే. 2024 జులై, ఆగస్టు నెలల్లో బంగ్లాదేశ్‌లో ఇంటర్నెట్‌ను ఆపేసినా ఢాకా విశ్వవిద్యాలయ పరిసరాల గోడలు మాట్లాడుతూనే ఉన్నాయి. షేక్ హసీనా ప్రభుత్వం పడిపోయాక ఆ గోడచిత్రాలు ఒక పుస్తకంగా వచ్చాయి. అప్పటి తాత్కాలిక ప్రభుత్వ సారథి మహమ్మద్ యూనస్ దాన్ని అప్పటి అమెరికా అధ్యక్షుడికి కానుకగా ఇచ్చారు. కరెంటు, నెట్, పాస్‌వర్డ్ అవసరం లేని మాధ్యమం గోడ. తెరకు ఆ మూడూ కావాలి, వాటితోపాటు అనుమతీ కావాలి.

రాసిపెట్టాల్సింది ఏమిటి?

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి విశ్వవిద్యాలయం రెండు పేజీల విధానం రాసుకుంటే చాలు. అందులో కనీసం ఈ విషయాలు ఉండాలి.

చట్టం ప్రదర్శించమన్న సమాచారం, స్కాలర్‌షిప్, పరీక్ష, ఫీజు తేదీలు అన్నిటికన్నా ముందుండాలి. ఇవి తెరతోపాటు కాగితం మీదా ఉండాలి. తెర ఎప్పుడూ నోటీసు బోర్డుకు అదనమే కావాలి తప్ప దాని బదులు కాకూడదు.

మిగిలిన స్థలంలో కొంత భాగం విద్యార్థుల కార్యక్రమాలకు కేటాయించాలి. ఆ భాగం ఎంతో అంకెల్లో చెప్పాలి. పై నుంచి వచ్చే ప్రచార స్లైడ్లకూ ఒక గరిష్ఠ పరిమితి ఉండాలి.

స్లైడ్ అందిన రెండు పనిదినాల్లో నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వాలి. నిర్ణయం ఒక్క మనిషిది కాకుండా, అధ్యాపకుడు, కార్యాలయ ఉద్యోగి, విద్యార్థి ఉన్న చిన్న బృందానిది కావాలి. దానిపై డీన్‌కు అప్పీలు చేసుకునే వీలుండాలి.

ప్రతి స్లైడ్‌కూ గడువు తేదీ ఉండాలి. ఏ స్లైడ్ ఎప్పుడు వేశారు, దేన్ని ఎందుకు కాదన్నారు అన్న జాబితా శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అప్పుడు వివక్ష ఆరోపణ వచ్చినా రుజువు చేయడానికి, కొట్టిపారేయడానికి రెండింటికీ ఆధారం ఉంటుంది.

ముఖ్యమైన ప్రతి సమాచారం తెలుగులోనూ ఉండాలి. ఉర్దూ చదివేవారున్న చోట ఉర్దూలోనూ ఉండాలి. పెద్ద అక్షరాలు, స్పష్టమైన రంగులు, చదవడానికి చాలినంత సమయం, వెబ్‌లో అదే విషయం పాఠంగా ఉండడం తప్పనిసరి చేయాలి.

చివరిగా, చేత్తో రాసిన కాగితం అంటించుకోవడానికి ప్రతి శాఖలో అనుమతి అడగక్కర్లేని ఒక బోర్డు ఉండాలి. లింగ్డో కమిటీ 2006లో చెప్పిన దారి అదే. ఆ బోర్డు ఉన్న చోట గోడలు పాడయ్యే అవసరమూ తగ్గుతుంది.

స్లైడ్ కొలతలు ఎంత ఉండాలో చెప్పడానికి ఏ శాఖకూ ఇబ్బంది ఉండదు. ఎవరి స్లైడ్‌ను ఏ కారణంతో ఆపుతామో చెప్పడమే కష్టం. గోడలు తుడిచి తెరలు పెట్టే ముందు విశ్వవిద్యాలయాలు ఆ రెండో విషయాన్ని కాగితం మీద పెట్టి, తమ తెర మీదే మొదటి స్లైడ్‌గా చూపించాలి.